పులి ఛాయాగ్రహణం: భిలాయ్ పరిసర అడవులు

పులి ఛాయాగ్రహణం అంటే అడవిలో స్వేచ్ఛగా బతికే పులిని, దాని దారికీ వేటకూ అడ్డు రాకుండా, ఫోటోగానో వీడియోగానో నమోదు చేయడం. భారతదేశంలో ఇది ప్రధానంగా రెండు విధాలుగా జరుగుతోంది. ఒకటి టైగర్ రిజర్వులో సఫారీ వాహనం నుంచి మనిషి తీసేది, రెండోది అడవి బాట పక్కన కట్టిన కెమెరా ట్రాప్ తనంతట తాను తీసేది. ఈ వ్యాసం ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాకు చెందిన ఉక్కు నగరం భిలాయ్‌ని కేంద్రంగా తీసుకుని ఈ రెండింటినీ పరిశీలిస్తుంది. భిలాయ్‌కి వాయవ్యంగా, రాష్ట్ర సరిహద్దు దాటగానే, మధ్యప్రదేశ్‌లో పులులు ఎక్కువగా కనిపించే కన్హా అడవి ఉంది. సొంత రాష్ట్రంలోని రిజర్వుల్లో మాత్రం పులి కంటపడటమే అరుదు. ఈ రెండు స్థితులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఒక అడవి నుంచి ఎన్ని పులి ఫోటోలు వస్తున్నాయన్నది ఆ అడవి విలువను చెప్పదు, ఫోటో తీసినవారి నేర్పునూ అంతగా చెప్పదు. అక్కడి మేత జంతువుల సంఖ్య, కాపలా, బాటలు, పర్యాటక ఏర్పాట్లు కలిసి ఆ లెక్కను నిర్ణయిస్తాయి. ఫోటోకు నిలిచే విలువ వచ్చేది అది ఒక్కో పులినీ విడిగా గుర్తించడానికి ఉపయోగపడినప్పుడు.

పరిధి, వర్గాలు

భిలాయ్ వాసులకు అందుబాటులో ఉన్న పులి ఫోటోలు మూడు రకాలు. మొదటిది జంతు ప్రదర్శనశాలలో తీసేది. భారత-సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడి, భిలాయ్ ఉక్కు కర్మాగారం నిర్వహణలో నడుస్తున్న మైత్రీ బాగ్ తెల్లపులులకు పేరుపొందింది. బందీగా ఉన్న తెల్లపులుల వంశం ప్రధానంగా 1951లో రీవా మహారాజు మార్తాండ్ సింగ్ పట్టించిన మోహన్ అనే పులి నుంచి సాగింది. తెలుపు రంగుకు ఎస్‌ఎల్‌సీ45ఏ2 అనే జన్యువులోని మార్పు కారణమని 2013లో చైనా శాస్త్రవేత్తలు తేల్చారు. అందువల్ల తెల్లపులి ప్రత్యేక జాతి కాదు, మామూలు పులిలోనే అరుదైన రంగు. రెండో రకం ఫోటోలు ఆవరణ సఫారీవి. నయా రాయ్‌పూర్‌లోని నందన్‌వన్ జంగిల్ సఫారీ సుమారు 320 హెక్టార్లలో ఉంది. 2016 నవంబరు 1న దీన్ని ప్రారంభించిన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అక్కడి పులిని కెమెరాతో తీస్తున్న చిత్రాలు పత్రికల్లో విస్తృతంగా వచ్చాయి. ఇక్కడ పులి పెద్ద కంచె లోపల ఉంటుంది, సందర్శకులు మూసిన బస్సులో తిరుగుతారు. ఆహారం మనుషులే పెడతారు. మూడో రకం కంచె లేని అడవిలో తీసే ఫోటోలు. వన్యప్రాణి ఛాయాగ్రహణం అన్న పేరు వీటికే చెల్లుతుంది.

ఈ విభజన పేర్ల కోసం చేసింది కాదు. ఒకే లెన్సుతో తీసిన మూడు ఫోటోలు చూడటానికి ఒకేలా ఉండవచ్చు, కానీ అవి చెప్పే సమాచారం వేరు. జూ ఫోటో జంతువు రూపాన్ని చెబుతుంది. ఆవరణ సఫారీ ఫోటో రూపంతో పాటు కొంత కదలికను చూపుతుంది. అడవి ఫోటో మాత్రమే ఫలానా రోజున, ఫలానా బాటలో ఒక పులి బతికి ఉందనడానికి సాక్ష్యం. అందుకే ఫోటో కింద ఏ రకమో రాయడం తప్పనిసరి. బందీ జంతువును అడవి జంతువుగా చూపితే ఫోటోకున్న సాక్ష్య విలువే పోతుంది.

చరిత్ర

పులి తొలి ఫోటోలు ఎక్కువగా వేట ఫోటోలు. నేటి ఛత్తీస్‌గఢ్ ఉత్తర భాగంలో ఉన్న సర్గుజా, కొరియా సంస్థానాలు ఈ చరిత్రలో తప్పక ప్రస్తావనకు వస్తాయి. సర్గుజా మహారాజు తాను 1,150 పులులను చంపినట్లు ఉత్తరంలో తెలిపారని జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ నమోదు చేశారు. కొరియా పాలకుడు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ 1947లో ఒకే రాత్రి కాల్చిన మూడు చీతాల ఫోటో, భారత చీతాల చివరి ఆనవాళ్లలో ఒకటిగా మిగిలింది. చచ్చిన జంతువు పక్కన తుపాకీతో నిలబడి దిగే ఫోటోలో జంతువు ఎవరికి దక్కిందన్నదే విషయం, అది ఎలా బతికిందన్నది కాదు. అయినా కాలం గడిచాక అలాంటి ఫోటో కూడా ఒక జాతి ఎక్కడ, ఎప్పటివరకు ఉందో చెప్పే పత్రంగా మారింది.

బతికి ఉన్న పులిని రాత్రిపూట దాని సహజ స్థితిలో తీయడంలో మార్గదర్శి ఫ్రెడరిక్ వాల్టర్ ఛాంపియన్. బ్రిటిష్ ఇండియాలోని సంయుక్త రాష్ట్రాల (యునైటెడ్ ప్రావిన్సెస్) అటవీ శాఖ అధికారి అయిన ఆయన, పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి, అది తగలగానే ఫ్లాష్ వెలిగి షట్టర్ పడే ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఫోటోలు 1925లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో, 1927లో ఆయన పుస్తకం ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌ల్యాండ్’లో వెలువడ్డాయి. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావని ఫోటోల ఆధారంగా గమనించిన తొలి వ్యక్తుల్లో ఆయన ఒకరు. తుపాకీ వదిలి కెమెరా పట్టడంలో జిమ్ కార్బెట్‌పైనా ఆయన ప్రభావం ఉంది. 1963 నుంచి 1965 వరకు కన్హాలో పరిశోధన చేసిన షాలర్, ముఖం మీది గుర్తులతో పులులను విడివిడిగా పోల్చుకుంటూ వాటి జీవితాన్ని నమోదు చేశారు. ఆ కృషి ‘ది డీర్ అండ్ ది టైగర్’ అన్న పేరుతో 1967లో పుస్తకంగా వచ్చింది. ఈ విధంగా, నేడు భిలాయ్ ఛాయాగ్రాహకులు ఎక్కువగా వెళ్లే అడవే పులి గురించిన ఆధునిక శాస్త్ర పరిశోధనకు మొదటి మెట్టయింది.

పులి వేటను 1970లో నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న మొదలైన ప్రాజెక్ట్ టైగర్‌లో తొలి తొమ్మిది రిజర్వుల్లో కన్హా ఒకటి. పర్యాటకులకు పులిని చూపించేందుకు దున్నపోతును ఎరగా కట్టే పద్ధతి ఆ రోజుల్లో ఉండేది, దాన్ని తర్వాత మాన్పించారు. మావటులు వేకువనే పులిని వెతికి ఉంచి, సందర్శకులను ఏనుగు మీద అక్కడికి తీసుకెళ్లే ‘టైగర్ షో’ కన్హాలో మరికొంత కాలం సాగి, అదీ ఆగిపోయింది. 1990ల చివరి నుంచి రణథంబోర్ ఆడపులి మఛ్లీ (టి-16) ఏళ్ల తరబడి ఫోటోల్లోకెక్కి, 2016 ఆగస్టులో చనిపోయే నాటికి ప్రపంచంలో అత్యధికంగా ఫోటో తీయబడిన పులిగా పేరు తెచ్చుకుంది. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఫిల్ము ఖర్చు లేకుండా పోయింది, ఒక్క సఫారీలో వందల ఫోటోలు తీయడం మామూలైంది.

భిలాయ్ నుంచి చేరగల అడవులు

భారత-సోవియట్ ఒప్పందం 1955లో కుదరగా, భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారం కట్టిన కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ నగరం నుంచి కవర్ధా, చిల్ఫీ ఘాట్ మీదుగా కన్హా ముక్కీ గేటు దాదాపు 200 కి.మీ. దూరంలో ఉంటుంది. 1955లో జాతీయ ఉద్యానంగా ప్రకటితమైన కన్హా విస్తీర్ణం 940 చ.కి.మీ. కన్హా, కిస్లీ, ముక్కీ, సర్హీ అనే మండలాల్లో సఫారీలు నడుస్తాయి. అక్కడి గుగ్గిలం చెట్ల అడవి మధ్య విశాలమైన పచ్చిక బయళ్లు ఉన్నాయి. వాటిలో చాలావరకు ఒకప్పటి పొలాలు. సౌంఫ్ వంటి గ్రామాలను 1969 నుంచి అడవి బయటకు తరలించాక ఆ నేలలు గడ్డి మైదానాలయ్యాయి. చుక్కల దుప్పులు, బారసింగాలు అక్కడ మేస్తాయి, వాటి వెంట పులి వస్తుంది. బయలు కనుక కంటికి కనబడుతుంది. కన్హాలో దొరికే ఒక మంచి ఫోటో వెనుక గ్రామాల తరలింపు, మేత జంతువుల పెరుగుదల, ఐదు దశాబ్దాల కాపలా ఉన్నాయన్న మాట. ఇళ్లూ పొలాలూ వదిలిపోయిన కుటుంబాలు చెల్లించిన మూల్యం కూడా ఆ లెక్కలో భాగమే.

ఛత్తీస్‌గఢ్‌లో నాలుగు టైగర్ రిజర్వులు ఉన్నాయి. బీజాపూర్ జిల్లాలోని ఇంద్రావతి 1983లో రిజర్వు అయింది. 2009లో ఉదంతి-సీతానది, అచానక్‌మార్ చేరాయి. 2024 నవంబరులో ప్రకటించిన గురు ఘాసీదాస్-తమోర్ పింగళా 2,829 చ.కి.మీ. విస్తీర్ణంతో దేశంలో మూడో పెద్ద టైగర్ రిజర్వు. ఇది సుమారుగా పాత కొరియా, సర్గుజా వేట అడవులున్న ప్రాంతమే. విస్తీర్ణం ఇంత ఉన్నా పులుల సంఖ్య తక్కువ. జాతీయ అంచనాల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో 2014లో 46, 2018లో 19, 2022లో 17 పులులు ఉన్నాయి. పొరుగున మధ్యప్రదేశ్‌లో అదే కాలంలో సంఖ్య 308 నుంచి 526కు, ఆపై 785కు చేరింది. ఇంద్రావతిలో దశాబ్దాల పాటు సాగిన మావోయిస్టు ఘర్షణ వల్ల కాపలా, లెక్కింపు, పర్యాటకం మూడూ కుంటుపడ్డాయి. ఉదంతి-సీతానది అడవి గేదెలకు ప్రసిద్ధి, అక్కడ పులి ఉనికి ఎక్కువగా కెమెరా ట్రాప్ ద్వారానే తెలుస్తుంది.

ఫోటోలు రాని అడవిని ఖాళీ అడవి అనుకోవడం పొరపాటు. కన్హా, అచానక్‌మార్‌లను కలిపే నడవాలో భోరమ్‌దేవ్ అభయారణ్యం ఉంది. కన్హాలో పుట్టి చోటు వెతుక్కునే పడుచు పులులకు ఇలాంటి అడవులే దారి. 2024లో బార్‌నవాపారా ప్రాంతానికి వచ్చి నెలల తరబడి తిరిగిన ఒక మగపులిని నవంబరులో కస్డోల్ వద్ద మత్తుమందుతో పట్టి రాష్ట్రం ఉత్తరాన ఉన్న అడవికి తరలించారు. పులులు స్థిరంగా లేని చోట కూడా పులి నడుస్తుందని ఈ ఉదాహరణ చూపుతుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే పరిస్థితి. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు, దానికి ఆనుకున్న అమ్రాబాద్ విశాలమైనవే అయినా, 2022 అంచనాలో ఆంధ్రప్రదేశ్‌కు 63, తెలంగాణకు 21 పులులు లెక్కకొచ్చాయి. కొండలు, ఎండుటాకు అడవి, తక్కువ బాటలు ఉన్న నల్లమలలో పులి ఎదురుపడే అవకాశం కన్హా బయళ్లలో కంటే తక్కువ. పులుల మనుగడకు నల్లమల ప్రాముఖ్యం మాత్రం దీనివల్ల తగ్గదు.

సఫారీ ఛాయాగ్రహణం: పనితీరు

కన్హాలో సఫారీ కాలం అక్టోబరు 1 నుంచి జూన్ 30 వరకు, వానాకాలంలో కోర్ ప్రాంతం మూసి ఉంటుంది. ఉదయం, మధ్యాహ్నం రెండు విడతలుగా పైకప్పు లేని జిప్సీ వాహనాల్లో, నమోదైన గైడు, డ్రైవరు వెంట ఉండగా తిరగాలి. పులిని వెతకడం చాలావరకు చెవితో జరిగే పని. చుక్కల దుప్పి కీచుమని అరవడం, కణుజు గట్టిగా ‘ధాంక్’మనడం, చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు అరవడం హెచ్చరికలు. వీటిలో కణుజు అరుపును గైడ్లు ఎక్కువ నమ్ముతారు. దుప్పి చిన్న అలికిడికి కూడా బెదురుతుంది, కణుజు మాత్రం వేటాడే జంతువు ఉందని తేలితే తప్ప పదేపదే అరవదు. దుమ్ము బాట మీది తాజా అడుగుజాడలు, అవి సాగిన దిశ రెండో ఆధారం. అరుపు వినిపించిన చోటికి పరుగు తీయకుండా, పులి బాట దాటబోయే స్థలాన్ని ఊహించి ఇంజను ఆపి వేచి ఉండటం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

లెన్సు ఎంపికను లెక్కతో వివరించవచ్చు. పూర్తి ఫ్రేము కెమెరాకు 400 మి.మీ. లెన్సు తగిలిస్తే, 40 మీటర్ల దూరంలో సుమారు 3.6 మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. తోకతో కలిపి మూడు మీటర్లకు దగ్గరగా ఉండే పులి నిలువెల్లా అందులో ఇముడుతుంది. అదే లెన్సుతో 20 మీటర్ల దగ్గర 1.8 మీటర్లే వస్తుంది, తల, భుజాలు మాత్రమే దొరుకుతాయి. అందుకే 100-400, 150-600 మి.మీ. జూమ్ లెన్సులు సఫారీకి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. జిప్సీలో త్రిపాదికి చోటుండదు, బదులుగా పప్పుగింజలు లేదా ఇసుక నింపిన సంచిని వాహనపు కడ్డీ మీద పెట్టి లెన్సు ఆనిస్తారు. నడిచే పులికి సెకనులో 500వ వంతు, పరుగెత్తే పులికి 1600వ వంతు లేదా అంతకంటే వేగమైన షట్టర్ అవసరం. గుగ్గిలం నీడలో తెల్లవారుజామున ఈ వేగం రావాలంటే ఐఎస్‌ఓ 1600, 3200 దాకా పెంచక తప్పదు. మే నెల ఎండలో వేడిగాలి తెరలు తెరలుగా లేవడంతో దూరపు ఫోటోలు ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా మసకబారతాయి. డిసెంబరు ఉదయాల్లో మంచు, పొగమంచు వెలుతురును తగ్గిస్తాయి.

దగ్గరగా వెళ్తేనే మంచి ఫోటో వస్తుందన్న నమ్మకం కోణం విషయంలో తప్పు. జిప్సీలో కూర్చున్నవారి కెమెరా నేల నుంచి సుమారు రెండు మీటర్ల ఎత్తులో ఉంటుంది, పులి కన్ను మీటరుకు అటూఇటూ ఉంటుంది. పది మీటర్ల దూరంలో కెమెరా పులిని ఆరు డిగ్రీల వాలులో పైనుంచి చూస్తుంది. 50 మీటర్లలో ఆ వాలు ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ మాత్రమే. పులి కంటి మట్టానికి దగ్గరైన చూపు దూరం నుంచే దొరుకుతుంది. దూరం పాటించాలన్న నియమం పులికే కాదు, చిత్రానికీ మేలు చేస్తుంది.

కెమెరా ట్రాప్, చారల గుర్తింపు

కెమెరా ట్రాప్‌లో ఉండే పరారుణ సెన్సర్, ఎదురుగా వెచ్చని శరీరం కదిలితే షట్టర్‌ను పనిచేయిస్తుంది. పులి పక్కభాగం ఫ్రేములో పడేలా దాన్ని మోకాలి ఎత్తులో చెట్టుకు కడతారు, బాటకు రెండు వైపులా ఎదురెదురుగా రెండు ఉంటాయి. ఈ జంటకు కారణం ఉంది. పులి కుడి పక్క చారలూ ఎడమ పక్క చారలూ ఒకటి కావు. ఒకే వైపు ఫోటో ఉంటే, కుడి పక్క కనిపించిన పులి, ఎడమ పక్క కనిపించిన పులి ఒకటేనా, రెండా అన్నది తేలదు. పోల్చేటప్పుడు పక్కటెముకల మీది చారలు ఎక్కడ చీలి రెండుగా విడిపోతున్నాయో, ఎక్కడ మూసుకుని ఉంగరంలా అవుతున్నాయో, తొడ మీద అవి ఎలా కలుస్తున్నాయో ఒక్కొక్కటిగా చూస్తారు. వంగిన శరీరం వల్ల చారలు సాగినట్టు కనిపించవచ్చు కనుక, ఒక చార పోలిక సరిపోదు, కొన్ని చారల అమరిక మొత్తంగా కలవాలి. మనిషికి వేలిముద్ర ఎలాంటిదో పులికి ఈ అమరిక అలాంటిది. కంప్యూటరు ప్రోగ్రాములు ఇప్పుడు తొలి పోలికలు చేసి ఇస్తాయి, తుది నిర్ణయం మనుషులు చేస్తారు.

కెమెరా ట్రాప్‌లకు ముందు పులుల లెక్కింపు అడుగుజాడల మీద ఆధారపడేది. 2004-05లో రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు పూర్తిగా అంతరించినట్లు బయటపడ్డాక ఆ పద్ధతిపై నమ్మకం పోయింది. చారల ఫోటోలతో సంఖ్యను అంచనా వేసే గణాంక పద్ధతిని జీవశాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో ప్రయోగించి 1995లో ప్రచురించారు. గుర్తించిన పులుల్లో ఎన్ని మళ్లీ మళ్లీ ఫోటోలో పడ్డాయన్న నిష్పత్తి నుంచి, అసలు ఫోటోలో పడనివి ఎన్ని ఉంటాయో అంచనా వేయడం దీని సారం. 2018 జాతీయ సర్వేలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టగా 3,48,58,623 ఫోటోలు వచ్చాయి. వాటిలో పులివి 76,651 మాత్రమే. వాటి నుంచి 2,461 పులులను విడివిడిగా గుర్తించారు. ఈ అంకెల్లోనే రెండు రకాల ఫోటోల తేడా తెలుస్తుంది. సఫారీలో పులి లేని ఫోటోను చెరిపేస్తారు, సర్వేలో పులి పడని కెమెరా కూడా సమాచారమే.

చట్టం, నియమాలు

అభయారణ్యంలోకి ఫోటోల కోసం ప్రవేశించడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద అనుమతి ఇస్తారు. 2022 సవరణ ఈ సెక్షన్‌లో ఛాయాగ్రహణం, చిత్రనిర్మాణం ఆవాసంలో మార్పు తేకుండా, ఆవాసానికీ వన్యప్రాణికీ హాని కలగకుండా జరగాలని చేర్చింది. సుప్రీంకోర్టు 2012 జూలైలో కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా నిలిపివేసి, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ప్రకటించాక అక్టోబరులో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ మార్గదర్శకాల ప్రకారం కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడరాదు. వన్యప్రాణికి 20 మీటర్ల కంటే దగ్గరకు వెళ్లరాదు. వాహనాల మధ్య 50 మీటర్ల ఎడం ఉండాలి. జంతువును చుట్టుముట్టడం, ఎర చూపడం, ఆహారం పెట్టడం నిషిద్ధం.

పులిపై ప్రభావం

ఫోటో తీయడం పులికి హాని చేయదన్న వాదనకు శాస్త్రీయ ఆధారాలు అనుకూలంగా లేవు. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ (అంతరించే జీవజాతుల సంరక్షణ ప్రయోగశాల) శాస్త్రవేత్తలు కన్హా, బాంధవ్‌గఢ్ పులుల మలంలో ఒత్తిడి హార్మోన్ల జాడలను కొలిచి 2019లో ప్రచురించారు. పర్యాటకం సాగే నెలల్లో ఆ స్థాయి, మూసి ఉంచిన నెలల కంటే ఎక్కువని, వాహనాల సంఖ్యతో దానికి సంబంధం ఉందని అందులో తేలింది. 2024 డిసెంబరు 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్-పావ్‌నీ-కర్హాండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులినీ ఐదు పిల్లలనూ సఫారీ వాహనాలు రెండు వైపుల నుంచీ అడ్డగించాయి. ఆ వీడియో బయటకు రావడంతో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం తనంతట తానే విచారణకు తీసుకుంది. హాని తీరు ఏమిటో కూడా ఈ ఉదంతంలో కనిపిస్తుంది. పులి దారి మూసుకుపోవడం, పిల్లలు తల్లి నుంచి విడిపోయే ప్రమాదం, అన్నీ వాహనాల గుంపు వల్ల వచ్చినవే.

అలాగని ఛాయాగ్రహణాన్నే నిషేధించాలన్న వాదనకూ ఆధారం బలంగా లేదు. లాకోన్స్ ఫలితాలు వాహనాల సంఖ్యను తగ్గించాలని సూచిస్తాయి, అన్నిటినీ ఆపాలని కాదు. పర్యాటకం నామమాత్రమైన ఇంద్రావతి, ఉదంతి-సీతానదుల్లో పులులు పెరగలేదు. పర్యాటకులు లేకపోవడం ఒక్కటే పులికి రక్షణ కాదని దీని అర్థం. మేత జంతువులు, వేటగాళ్ల నియంత్రణ, అటవీ సిబ్బంది లేని చోట కెమెరా ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే.

వాదాలు, సమాధానాలు

సఫారీ ఫోటోలే పులిని కాపాడాయన్నది తరచూ వినిపించే వాదన. ఫోటోలు ప్రజల్లో ఆసక్తి పెంచుతాయి, గేటు రుసుము, గైడ్ల ఉపాధి అడవి పక్క గ్రామాలకు చేరతాయి, రోజూ తిరిగే వాహనాలు వేటగాళ్లకు కొంత అడ్డంకి. ఇవన్నీ నిజమే. అయితే సరిస్కా పర్యాటకులు వచ్చే అడవే. 2009 నాటికి పులులు అంతరించిన, మధ్యప్రదేశ్‌లోని పన్నా కూడా అంతే. పన్నాకు పులులు తిరిగి వచ్చింది కన్హా, బాంధవ్‌గఢ్‌ల నుంచి ఆడపులులను తెచ్చి మొదలుపెట్టిన పునఃప్రవేశం వల్ల. కాపలా విఫలమైతే పర్యాటకుల కళ్లు దాని స్థానాన్ని భర్తీ చేయలేవు.

పర్యాటకుల ఫోటోలు శాస్త్రానికి పనికిరావన్నది మరో అభ్యంతరం. సాంద్రత అంచనా విషయంలో ఇది న్యాయమైనదే. ఆ ఫోటోలు బాటల పక్కనే వస్తాయి, మనుషులకు అలవాటుపడిన పులులే వాటిలో పదేపదే పడతాయి, పులి కనిపించని గంటల లెక్క ఎవరూ ఉంచరు. కానీ ఒక్కో పులి జీవితకథకు అవి బలమైన ఆధారం. మఛ్లీ వయసు, పిల్లలు, ఊడిన కోరలు ఏళ్ల తరబడి నమోదవడం ఇందుకు నిదర్శనం. పక్క చారలు స్పష్టంగా ఉన్న, తేదీ తెలిసిన ఫోటో ఎప్పుడైనా అటవీ శాఖ దగ్గరున్న చారల జాబితాతో పోల్చడానికి పనికొస్తుంది. ఒక రాష్ట్రంలో కనిపించిన పులి మరో రాష్ట్రం నుంచి వచ్చిందని నిర్ధారించేది ఇలాంటి పోలికే. ఈ దృష్టితో చూస్తే ముఖం మాత్రమే నింపిన ఫోటో కంటే, గడ్డి అడ్డు లేకుండా పక్కభాగం మొత్తం కనిపించే సాదా ఫోటోకు ఎక్కువ విలువ ఉంది.

ఫోటోను ప్రకటించడం వేటగాళ్లకు దారి చూపుతుందన్నది మూడో అభ్యంతరం. 2013లో పన్నా పులి జీపీఎస్ కాలర్ సమాచారం ఉన్న ఈమెయిల్ ఖాతాలోకి చొరబడే ప్రయత్నం జరిగినట్లు బయటపడింది. కనుక ఈ భయం ఊహ కాదు. ప్రసిద్ధ సఫారీ మండలంలో రోజూ కనిపించే పులి ఫోటోకు దీని వల్ల వచ్చే ముప్పు తక్కువ. ఛత్తీస్‌గఢ్ అడవుల్లోలా పులులు అరుదుగా, కాపలా పలుచగా ఉన్న చోట ముప్పు ఎక్కువ. అలాంటి చోట ఫోటోలోని స్థల సమాచారాన్ని తొలగించడం, పూర్తి వివరాలను అటవీ శాఖకే ఇవ్వడం ఈ అభ్యంతరానికి తగిన జవాబు.

ప్రాముఖ్యం

2006లో 1,411గా ఉన్న దేశపు పులుల అంచనా 2022కు 3,682కు చేరింది. ఈ రెండు అంకెల మధ్య నిలిచిన ఆధారం ప్రధానంగా ఫోటోలే. భిలాయ్ వంటి నగరంలో, మైత్రీ బాగ్ తెల్లపులిని, నందన్‌వన్ పులిని, కన్హా పులిని ఒకే ఏడాదిలో తీయగల ఛాయాగ్రాహకులకు రకం, తేదీ, చారలు అనే మూడు వివరాలు లేని ఫోటో అందమైనదే కావచ్చు, నమోదు మాత్రం కాదు. కన్హాలో దొరికే ఫోటోల సంఖ్యను బట్టి ఛత్తీస్‌గఢ్ రిజర్వులను తక్కువ చేసి చూడటం నిధుల కేటాయింపులో, నడవాల రక్షణలో తప్పుడు నిర్ణయాలకు దారితీస్తుంది. కన్హాలో పుట్టిన పులికి రేపు చోటు కావాల్సింది సఫారీ జిప్సీలు తిరగని ఈ అడవుల్లోనే. అక్కడ దుప్పులు పెరిగి, కాపలా నిలిస్తే ఫోటోలు తరువాత వస్తాయి. వరుస తిరగేసి, ముందు బాటలూ బసలూ కట్టి పర్యాటకులకు చూపడానికి పులి కోసం ఎదురుచూడటం వల్ల అడవికి ఒరిగేదేమీ లేదు.

ఇవి కూడా చూడండి: ప్రాజెక్ట్ టైగర్, కన్హా జాతీయ ఉద్యానం, అచానక్‌మార్ టైగర్ రిజర్వు, మైత్రీ బాగ్, కెమెరా ట్రాప్, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు